ట్రేడింగ్ కాన్ఫరెన్సులు: మూడేళ్లలో నాకు పనికొచ్చింది భోజనాల లైనే

ఇంట్లో కూర్చుని సొంత డబ్బుతో షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసుకునేవాడికి కాన్ఫరెన్సులెందుకని 2023కి ముందు నేనూ అనేవాణ్ణి. ఆ తర్వాత మూడు చూశాను: ముంబై, హైదరాబాద్, బెంగళూరు. స్టేజీ మీద ఏం చెబుతారో మీరు యూట్యూబ్‌లో చూసే ఉంటారు, దాని జోలికి పోను. నేను చెప్పేది భోజనాల లైను గురించి.

2023 జూన్‌లో విజయవాడలో కోణార్క్ ఎక్కి ముంబై వెళ్లాను. పాసు, రైలు, రెండు రాత్రుల లాడ్జి కలిపి 17 వేలు. పొద్దుటి సెషన్లు మూడూ ‘మిగతాది నా కోర్సులో’ అన్నచోటే ఆగాయి. బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటూ ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. నా ముందు రాజ్‌కోట్ పెద్దాయన ఒకరు. నా హిందీ అంతంతమాత్రం, ఆయనకు ఇంగ్లీషు రాదు. నష్టాల కబుర్లకు భాషతో అంత పని లేదు లెండి. మొదటి ఏడాది 4 లక్షల 20 వేలు, రెండో ఏడాది 3 లక్షలు పోయాయని చెప్పాను. అయ్యో అంటారనుకున్నాను. ‘ఐటీ రిటర్న్‌లో చూపించావా బేటా?’ అన్నారు.

ఆదాయమే లేనప్పుడు రిటర్న్ ఏమిటి? అదే అడిగాను. ఆయన ప్లేటు బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి టిష్యూ కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) నష్టం మామూలు వ్యాపార నష్టం కిందికి వస్తుంది. గడువులోగా రిటర్న్ వేస్తే 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే లాభంలోంచి తీసేసుకోవచ్చు. షేర్లలో ఇంట్రాడే (ఏ రోజు కొన్నవి ఆ రోజే అమ్మేయడం) నష్టమైతే స్పెక్యులేషన్ కింద లెక్క, దానికి 4 ఏళ్లే. గడువు దాటాక రిటర్న్ వేసినా నష్టం ముందుకు రాదు. చివర్లో ‘31 జూలై’ అని అప్పటి గడువు తేదీ రాసి కింద రెండు గీతలు గీశారు. పప్పు చుక్క పడి 3 సగం అలుక్కుపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది, మరకతో సహా.

మొదటి ఏడాది గడువు అప్పటికే దాటిపోయింది, ఆ 4 లక్షల 20 వేలకు నీళ్లొదులుకున్నాను. రెండో ఏడాదికి ఇంకా టైముంది. ఊరికి రాగానే ఐటీఆర్-3 (వ్యాపార లాభనష్టాలు చూపించే రిటర్న్) వేయించాను. మరుసటి ఏడాది కాలం కలిసొచ్చి 9 లక్షలు మిగిలాయి. కొత్త పన్ను విధానంలో అప్పటి లెక్కన దానికి 46,800 పన్ను కట్టాల్సింది. పాత 3 లక్షల నష్టం తీసేస్తే 6 లక్షలే. అప్పట్లో 7 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉండేది కాబట్టి పన్ను సున్నా.

ఆ ఊపులో మా వాట్సాప్ గ్రూపులో కాన్ఫరెన్సులను ఆకాశానికెత్తేశాను. ఇప్పుడు కాస్త కిందికి దించాలి. గవర్నర్‌పేటలో మా ఆడిటర్ గారు ఈ కథంతా విని, ‘ఒక్క ఫోన్ చేసుంటే నేనే చెప్పేవాణ్ణి కదండీ’ అన్నారు. ఆయన ఫీజు 2,500. ఇంకోటి. పెద్దాయన అదే టిష్యూ వెనకవైపు ఒక స్ట్రాంగిల్ (మార్కెట్ పెద్దగా కదలదని రెండువైపులా ఆప్షన్లు అమ్మే పద్ధతి) కూడా గీసిచ్చారు, నెలనెలా జీతంలా వస్తుందని. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. మూడు నెలల ‘జీతం’ ఒక్క పూటలో వెనక్కి కట్టాను. ఇది గ్రూపులో రాయలేదు.

నా మాట నమ్మి ఆ ఏడాది హైదరాబాద్‌కి ముగ్గురు వచ్చారు. అక్కడ లైనే లేదు! వీఐపీ పాసులకు వేరే హాలు, మాకు అట్టపెట్టెల్లో వెజ్ బిర్యానీ. పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ, ఎవరి కుర్చీలో వాళ్లు తిన్నారు. పక్క కుర్రాడితో మాట కలపబోతే ‘ఒక్క నిమిషం అన్నా, పొజిషన్ ఉంది’ అన్నాడు, ట్రేడ్ నడుస్తోందని. మావాళ్లలో ఒకతను 49,999 కోర్సు ‘ఈ హాల్లో ఉన్నవాళ్లకే 24,999’ అనగానే కట్టేశాడు. ఇప్పటికీ ఆ పాపం నాదే అంటాడు.

2025లో బెంగళూరు. స్టేజీ కాస్త బాగుపడింది. కేవలం పాఠాలు చెప్పేవాళ్లు గత 3 నెలల షేర్ల ధరలు వాడకూడదని ఆ జనవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పాక లాభాల స్క్రీన్‌షాట్ల హడావిడి తగ్గింది. లాభంలో ఉన్నవాళ్లెవరని యాంకర్ అడిగితే మాత్రం హాలంతా చేతులెత్తింది. సెబీ లెక్కలో 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 100కి 93 మందికి నష్టమే. మిగతా ఏడుగురూ ఆ రోజు బెంగళూరు వచ్చినట్టున్నారు. భోజనం మళ్లీ పెట్టెలే.

వెళ్లాలా వద్దా అంటే, నా సంగతి వేరు. మా ఆవిడ టీచరు, ఇల్లు ఆమె జీతం మీద నడుస్తుంది. ఏడాదికి 17 వేలు పోయినా మా పొయ్యి ఆరదు. రోజంతా గదిలో స్క్రీన్‌తో తప్ప మనిషితో మాట్లాడను కాబట్టి, తోటివాళ్ల మొహాలు చూడటానికైనా వెళ్లాలనిపిస్తుంది. సెలవు పెట్టి, అప్పు చేసి వెళ్లేవాళ్లకు ఈ లెక్క కుదరదు. ముందు మీ ఊళ్లో ఆడిటర్ని కలవండి.

ఈసారి పాసు ఇంకా తీయలేదు. భోజనం బఫేనా, పెట్టెలా అని నిర్వాహకులకు ఫోన్ చేసి అడిగాను. ‘ప్రీమియం పాసుకి బఫే ఉంది సార్’ అందా అమ్మాయి.