పాత కొట్టాలు, సముద్ర తీరం: వైడా, టెలీనా?

కారులో అలా ఓ రెండు గంటలు తిరిగొస్తే దారిలో నాలుగు పాత కొట్టాలు, చివర్లో సముద్రం. ఒక్క లెన్సే తీసుకెళ్లాలంటే ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ 16-35 ఎం.ఎం. మేలా, దూరానివి దగ్గరగా చూపించే టెలీ లెన్స్ 70-200 ఎం.ఎం. మేలా? ఫుల్ ఫ్రేమ్ (36 ఎం.ఎం. వెడల్పు సెన్సర్) కెమెరా ఉన్నవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. రెండూ పట్టుకెళ్లి అక్కడ మార్చుకుంటే పోలా అంటారు. ఒడ్డున ఉప్పు గాలి, ఇసుక. అక్కడ లెన్స్ విప్పడమంటే సెన్సర్ మీద మచ్చల్ని కోరి తెచ్చుకోవడమే.

తీరం వరకే అయితే వైడ్‌కి ఎదురు లేదు. 16 ఎం.ఎం., ఎఫ్/11 (అంటే లెన్స్ లోపలి రంధ్రం చిన్నగా) పెట్టి మీటరు దూరానికి ఫోకస్ చేస్తే, కాళ్ల దగ్గరి గులకరాళ్ల నుంచి దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసే గీత దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అలకు దగ్గరగా వంగాలి కాబట్టి తుంపర కూడా లెన్స్ మీదికే వస్తుంది. నేనొకసారి దాన్ని చొక్కా అంచుతో తుడిచాను. అప్పుడు లెన్స్ మీద పడిన గీత ఇప్పటికీ ఉంది.

అయినా నా లెక్కలో దీన్ని తేల్చేది అందమో, షార్ప్‌నెస్సో కాదు. మనం ఎక్కడ నిలబడగలం అన్నదే. కొట్టం ఎవరో ఒకరి పొలంలో ఉంటుంది, మధ్యలో కంచె. మనం రోడ్డు పక్కన. దూరం 80 మీటర్లు అనుకుందాం. అంత దూరంలో 16 ఎం.ఎం.లో పట్టే వెడల్పు 180 మీటర్లు. పదిహేను మీటర్ల కొట్టం అందులో పన్నెండో వంతు. మిగతాదంతా గడ్డి, కరెంటు తీగలు, ఖాళీ ఆకాశం. అదే 135 ఎం.ఎం.లో పట్టేది సుమారు 21 మీటర్లు. కొట్టం ఫ్రేములో నిండుగా కూర్చుంటుంది, చుట్టూ కాస్త గాలాడుతుంది కూడా. 200కి వెళ్తే తలుపు బందు నుంచి కిందికి కారిన తుప్పు చార, దాని పక్కన బూడిద రంగు తిరిగిన చెక్క.

సరే, యజమాని లోపలికి రమ్మన్నాడే అనుకోండి. దగ్గరికెళ్లి వైడ్‌ని పైకెత్తారా, గోడలు వెనక్కి వాలిపోతాయి. కొత్త కట్టడమైతే ఎడిటింగ్‌లో నిలబెట్టేయొచ్చు. పాత కొట్టం నిజంగానే ఒరిగి ఉంటుంది! అందులో వయసు ఒంచింది ఎంత, కెమెరా ఎత్తడం వల్ల వాలింది ఎంత? ఏ గీతని నిటారు అనుకుని సరిచేయాలి? నాకు కావలసిందే ఆ ఒరుగు. దూరం నుంచి, కెమెరా లెవెల్‌గా పట్టుకుని టెలీతో తీస్తే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

టెలీకి లోపాల్లేవని కాదు. రంధ్రం ఇంకా పెద్దగా తెరుచుకునే ఎఫ్/2.8 రకమైతే కిలోన్నర దాకా బరువు, ఎఫ్/4 చాలు. తీరం గాలికి చేతిలో ఊగుతుంది కాబట్టి 200 దగ్గర షట్టర్ వేగం 1/200 సెకనుకు తగ్గకూడదు. మధ్యాహ్నం వేడి గాలి పొరల్లోంచి తీస్తే దూరపు పడవలు కరిగినట్టు కనిపిస్తాయి. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు: వెచ్చటి కారులోంచే, అద్దం దించి, ఇంజిన్ ఆపకుండా తీయడం. లోపలి వేడీ బయటి చలీ కిటికీ దగ్గరే కలిసి బొమ్మని అలికేస్తాయి. దిగి తీయండి. అన్నట్టు, పోలరైజర్ (మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) వాడేవాళ్లకి వైడ్‌లో ఆకాశం ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క వెలిసిపోయినట్టు వస్తుంది. టెలీలో ఆ గోల దాదాపు ఉండదు.

వైడ్ నుంచి కాస్త టెలీ దాకా ఒక్కదాంట్లోనే ఉండే 24-105 సంగతేంటంటారా? మంచిదే, అన్నిటికీ సర్దుకుపోతుంది. కంచె అవతలి కొట్టానికి మాత్రం తరచూ కాస్త తక్కువ పడుతుంది. ఫోను ఎలాగూ జేబులో ఉంటుంది, గులకరాళ్లకి అదే నా వైడ్.

పోయిన వారం 70-200 ఒక్కటే వేసుకెళ్లాను. ఒడ్డున ఒక్కచోటే వైడ్ లేదే అనిపించింది. కొట్టాల దగ్గర దాని ఊసే గుర్తు రాలేదు.