హెడర్ గాస్కెట్లు: నాలుగు రకాలూ ఏళ్ల తరబడి వాడాక

హెడర్లు (ఒక్కో సిలిండర్ పొగని విడిగా బయటికి తీసుకెళ్లే పైపుల జత) వేసిన ఇంజిన్ చల్లగా స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మంటూ, వేడెక్కాక ఆ చప్పుడు ఆగిపోతోందా? వాల్వ్ కవర్ విప్పే ముందు ఎగ్జాస్ట్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ హెడర్‌కీ మధ్య సందు మూసే పొర) చూడండి. చాలామంది వాల్వులని కదిలించే ట్యాపెట్ చప్పుడనుకుని అటు పోతారు. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు ఆగుతుంది. లీక్ మాత్రం అక్కడే ఉంటుంది. అలాంటి లీకులతో నేను చాలాకాలం కాపురం చేశాను.

నా బండిలోది అల్యూమినియం హెడ్లున్న 5.7 లీటర్ల వీ8. దానికి 304 స్టెయిన్‌లెస్ స్టీల్ లాంగ్ ట్యూబ్ హెడర్లు. రోడ్డు మీద తిరుగుతుంది, వీలైనప్పుడు ట్రాక్ మీదా పరిగెడుతుంది. ఈ ఒక్క ఇంజిన్ మీదే ఫైబర్, రాగి, గ్రాఫైట్, పొరల స్టీల్ గాస్కెట్లు వాడాను. ఈ చివరిదాన్నే అందరూ ఎమ్‌ఎల్‌ఎస్ అంటారు. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే రకంలో కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా కన్నా, రకానికీ రకానికీ ఉన్న తేడానే నాకు ఎక్కువ కనిపించింది. దానికన్నా పెద్ద తేడా ఫ్లాంజ్‌తో, అంటే హెడర్‌ని హెడ్‌కి బోల్టులతో బిగించే లోహపు పట్టీతో వస్తుంది.

అందుకే గాస్కెట్ కొనే ముందు హెడర్ ఫ్లాంజ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి లోహపు బద్ద) పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూడాలి. పైపులు వెల్డ్ చేసిన వేడికి ఫ్లాంజ్ విల్లులా వంగుతుంది. ఆరు మిల్లీమీటర్ల మందం పట్టీ అయితే ఎక్కువ, పది మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే తక్కువ. సందు 0.1 మిల్లీమీటర్ లోపే ఉంటే నేను ఎమ్‌ఎల్‌ఎస్ వేస్తాను. అంతకు మించితే ఫ్లాంజ్‌ని మెషీన్ మీద చదును చేయిస్తాను, ఆ వీలు లేకపోతే మందపాటి గ్రాఫైట్ వేస్తాను. బోల్టు బిగించి వంకర తీసేద్దామనుకోవడం పనికిరాదు. బోల్టుల దగ్గర నొక్కుకుంటుంది, రెండు బోల్టుల మధ్యలో సందు అలాగే మిగులుతుంది.

హెడర్ డబ్బాలోనే వచ్చే పలచటి ఫైబర్ గాస్కెట్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. లోపల పీచుని పట్టి ఉంచే బైండర్ కాలిపోతుంది, గాస్కెట్ పలచబడుతుంది, బోల్టు పట్టు వదులవుతుంది. ఇక వాయువు ఒక దారి చేసుకుందంటే ఆ దారి పెద్దదవుతూనే ఉంటుంది. మామూలుగా నడిపే ఇంజిన్‌కి కొంతకాలం సరిపోతుందేమో. గట్టిగా తొక్కినప్పుడు పోర్టులోంచి (హెడ్‌లో పొగ బయటికొచ్చే రంధ్రంలోంచి) వచ్చే వాయువు 800 డిగ్రీల సెల్సియస్ దాటే ఇంజిన్‌కి మాత్రం నేను మళ్లీ వేయను.

రాగి చూడ్డానికి బాగుంటుంది. 1085 డిగ్రీల దాకా కరగదు కాబట్టి కాలిపోతుందన్న భయం లేదు. విప్పినప్పుడల్లా ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. స్టీల్‌ని అలా ముంచితే గట్టిపడుతుంది, రాగికి ఆ బాధ లేదు. పైన ఏర్పడ్డ నల్లటి పొరని రుద్దేసి మళ్లీ వాడుకోవచ్చు. తరచూ హెడర్లు దించే వాళ్లకి ఇది నిజంగా లాభం. చిక్కేమిటంటే, రాగిలో స్ప్రింగ్ గుణం దాదాపు ఉండదు. ఒకసారి నొక్కుకున్నాక అక్కడే ఉండిపోతుంది. ఫ్లాంజ్ వేడికి అటూ ఇటూ కదిలి, చల్లబడి వెనక్కి వచ్చేసరికి సన్నటి సందు మిగులుతుంది. నా బండిలో చివరి సిలిండర్ల దగ్గరే లీక్‌కి గుర్తుగా మసి కనబడేది, మధ్య పోర్టులు మాత్రం శుభ్రంగా ఉండేవి.

చివర్లలోనే ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఫ్లాంజ్ పొడవు 450 మిల్లీమీటర్లు అనుకుందాం. 304 స్టెయిన్‌లెస్ ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది. ఫ్లాంజ్ 300 డిగ్రీలకు చేరితే రెండు మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. అల్యూమినియం ఇంకా ఎక్కువ, 23 మైక్రాన్లు పెరిగేదే. కానీ హెడ్‌ని కూలెంట్ 110 డిగ్రీల దగ్గరే ఆపుతుంది కాబట్టి అది మిల్లీమీటర్ లోపే సాగుతుంది. రెంటి మధ్య తేడా 1.2 మిల్లీమీటర్లు. మధ్యలో బిగువుగా ఉంటే ఒక్కో చివర అర మిల్లీమీటర్‌కు పైగా జారుతుంది. స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ గాస్కెట్ మీద జరిగే రాపిడి ఇది. కాబట్టి మంచి గాస్కెట్ వేడిని ఓర్చుకుంటే చాలదు, ఫ్లాంజ్‌ని తన మీద జారనివ్వాలి, జారాక కూడా ఒత్తిడి నిలుపుకోవాలి. చివరి బోల్టు రంధ్రాలు కాస్త పెద్దవిగా ఉండటం, పోర్టుకీ పోర్టుకీ మధ్య ఫ్లాంజ్‌ని కోసి విడగొట్టడం కూడా ఇందుకే. నా హెడర్ల ఫ్లాంజ్‌ని అలా కోయించాక చివరి పోర్టుల బాధ సగం తగ్గింది.

మందపాటి గ్రాఫైట్ ఈ పరీక్షలో బాగానే నెగ్గింది. మూడు మిల్లీమీటర్ల మందం ఉండి బిగిస్తే దాదాపు సగానికి నొక్కుకుంటుంది, అంటే వంకరున్న చోట తక్కువ, లేని చోట ఎక్కువ. గ్రాఫైట్ స్వతహాగా జారుడు పదార్థం కూడా. గాలి తగిలితే 450, 500 డిగ్రీల నుంచే మెల్లగా కాలడం మొదలవుతుంది. కానీ బిగుసుకున్న జాయింట్‌లో గాలికి దొరికేది అంచు ఒక్కటే కాబట్టి నిలబడుతుంది. లీక్ మొదలైతే మాత్రం తొందరగా తినేస్తుంది. ఇంకో సంగతి, బిగించే ముందు చేతిలో విరిగిపోయేంత పెళుసు. ఇరుకులో హెడర్‌ని కింద నుంచి పైకి తోస్తూ దీన్ని పెట్టడం ఒక సర్కస్. రెండు చివర్లలో బోల్టులు ముందే వేలాడదీసి, గాస్కెట్ వాటి మీద జార్చడం ఒక్కటే సుళువైన దారి. ఒకసారి నొక్కుకున్నాక వదులు చేశారంటే దాన్ని పారేయాల్సిందే.

ఎమ్‌ఎల్‌ఎస్‌లో పలచటి స్టెయిన్‌లెస్ రేకులు పొరలుగా ఉంటాయి, పోర్టు చుట్టూ ఉబ్బెత్తు గీత ఉంటుంది. అది స్ప్రింగులా పనిచేసి, ఫ్లాంజ్ కదిలినా వెంటే కదులుతుంది. రేకు కుంగదు కాబట్టి బోల్టు పట్టూ తగ్గదు. నేను వాడినవాటిలో ఎక్కువ కాలం నిశ్శబ్దంగా ఉన్నది ఇదే. కానీ ఉపరితలం విషయంలో మహా పట్టింపు. హెడ్ మీద పాత గాస్కెట్ ముక్క ఒక్కటి మిగిలినా, గీత పడినా లీక్ చూపిస్తుంది. అల్యూమినియం హెడ్ని ఇనుప స్క్రేపర్‌తో గీకడమంటే కోరి గీతలు పెట్టుకోవడమే, ప్లాస్టిక్‌ది వాడి ఓపికగా తీయాలి.

ప్రస్తుతం నా ఇంజిన్‌కి కుడివైపు ఎమ్‌ఎల్‌ఎస్, ఎడమవైపు గ్రాఫైట్ ఉన్నాయి. కుడి ఫ్లాంజ్ చదునుగా ఉంది, ఎడమది కొంచెం వంగి ఉంది. చూసినవాళ్లు నవ్వుతారు. రెండు వైపులా మసి మరక లేదు.

ఏ రకమైనా గాస్కెట్ రంధ్రం హెడ్ పోర్టు కన్నా, హెడర్ పైపు నోరు కన్నా కాస్త పెద్దగా ఉండాలి. అంచు పోర్టులోకి పొడుచుకొస్తే అది ముందు కాలుతుంది, అక్కడి నుంచి లోపలికి పాకుతుంది. ఇంజిన్ పేరు చూసి కొనేస్తే చాలదు, హెడ్లు మార్చి ఉంటే పోర్టు ఆకారమే వేరు కావచ్చు.

బోల్టుల సంగతి: నావి 8 మిల్లీమీటర్లవి. మధ్య నుంచి చివర్లకి వెళ్తూ మొదట 15, తర్వాత 25 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ చూస్తాను. గ్రాఫైట్‌కి ఇది తప్పనిసరి, ఎమ్‌ఎల్‌ఎస్‌కి చాలాసార్లు రెంచ్ కదలనే కదలదు. బోల్టు పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ రాస్తే రాపిడి తగ్గి అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది, అది గుర్తుంచుకుని కొంచెం తగ్గించి బిగించాలి. వదులవకుండా జంటగా వచ్చే వెడ్జ్ లాక్ వాషర్లు వేశాను, మామూలు స్ప్రింగ్ వాషర్ ఈ వేడికి మెత్తబడి పడుకుంటుంది. అలాగే కలెక్టర్ (హెడర్ పైపులన్నీ కలిసే చోటు) దగ్గర హ్యాంగర్ లేకుండా ఎగ్జాస్ట్ బరువంతా ఫ్లాంజ్ మీద వేలాడుతుంటే ఏ గాస్కెటూ నిలవదు. గాస్కెట్లు మారుస్తూ పోయే చాలామంది బండి కింద దూరి ఈ ఒక్కటి చూడరు.

సిలికాన్ సీలెంట్ రాస్తే సరిపోతుందన్న సలహా ఎక్కడ చూసినా కనబడుతుంది. ఎర్ర డబ్బా సిలికాన్ మూడు వందల చిల్లర డిగ్రీల దాకా ఓర్చుకుంటుందని దాని మీదే రాసి ఉంటుంది. పోర్టు దగ్గర వేడి ఎంతో పైన చెప్పాను. పైగా ఆవిరయ్యే రకం సిలికాన్, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ని పాడు చేస్తుంది.

లీక్ ఉందో లేదో తేల్చుకోవడానికి వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి సైలెన్సర్‌లోకి పెట్టి, ఫ్లాంజ్ మీద సబ్బు నీళ్లు చల్లుతాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. నురుగు ఎక్కడ లేస్తే లీక్ అక్కడ. ఇంధనం పాళ్లు సరిచేసే ట్యూనింగ్‌కి ముందు మాత్రం ఇది తప్పకుండా చేయించండి. ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి పెరిగి తగ్గుతూ ఉంటుంది, తగ్గిన క్షణంలో ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ దాన్ని చూసి ఇంధనం తక్కువైందని చెబుతుంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ, నిజానికి లేనే లేని ఆ లోటు తీర్చడానికి ఇంధనం ఇంకా పోస్తుంది. ఐడిల్‌లోనూ తక్కువ ఆర్‌పీఎమ్‌లోనూ ఈ తేడా ఎక్కువ. అలాంటి లీక్ పెట్టుకుని చేసిన ట్యూన్, గాస్కెట్ మార్చిన రోజు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.