ముధోలా, రాజపాలయమా?

మహారాష్ట్రలోని ధర్మాబాద్ చుట్టుపక్కల వేటకుక్క మాట వస్తే ముందు వినిపించేది ముధోల్ పేరే. ఇక్కడో తిరకాసు ఉంది. సరిహద్దు దాటగానే బాసర దగ్గర మనకూ ఒక ముధోల్ ఉంది కదా, కుక్క అక్కడిదే అనుకుంటారు. కాదు. దీని ఊరు కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్. అక్కడి రాజు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని నిలబెట్టి, ఒక జంటను బ్రిటన్ రాజు ఐదవ జార్జికి కానుకిచ్చాడు. మరాఠీవాళ్లకు ఇదే కార్వానీ.

రాజపాలయం తమిళనాడుది, విరుదునగర్ జిల్లా. కానీ చుట్టరికం మనతోనే. అక్కడ స్థిరపడ్డ తెలుగు రాజు కులస్థులు పెంచుకున్న కుక్క అది.

ముధోల్ వాసన కంటే చూపునే నమ్ముకుని వేటాడుతుంది. సన్నటి పొడుగు తల, లోతైన ఛాతీ, లోపలికి పోయిన పొట్ట. కుందేలు కనబడిందంటే ఎంత పిలిచినా ఆగదు. పక్కటెముకలు చూసి తిండి పెట్టట్లేదా అని పక్కింటివాళ్లు అడుగుతారు, దాని ఒళ్లే అంత! కొత్తవాళ్లు ముట్టుకుంటే అస్సలు పడదు.

రాజపాలయం అడవిపందుల వేటకు పనికొచ్చిన కుక్క, కాపలాకు గట్టిది. పాల తెలుపు, గులాబీ ముక్కు. ఆ తెలుపుతోనే టెన్షన్: కొన్ని పిల్లలు చెవిటివిగా పుడతాయి. కొనేముందు వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఎలాగూ కుదరదు. పత్తిచేను కాపలాకైతే నా ఓటు రాజపాలయానికే. ముధోల్ తెస్తే మాత్రం రోజూ పరుగు పెట్టించాలి, కంచె ఎత్తుగా కట్టాలి.