చెదల మందు కొట్టిస్తున్నారా? ముందు మా ఇంట్లో జరిగింది వినండి

పెస్ట్ కంట్రోల్ వాళ్ళకి ఫోన్ చేయబోతుంటే ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని రావడం వాళ్ళకి పెద్ద పని కాదు. వాళ్ళ పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా మీరే పట్టుకోగలరు.

ఓ సాయంత్రం పడగ్గది గుమ్మం దగ్గర గుప్పెడు ఉసిళ్ళ రెక్కలు కనిపించాయి. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. లైటు వెలుగుకి బయటి నుంచి వచ్చినవేలే అని అమ్మ ఊడ్చేసింది. మర్నాడు మళ్ళీ అక్కడే, అన్నీ ఒకే పొడవున్న రెక్కలు. కిటికీలు మూసే ఉన్నాయి. అనుమానం వచ్చి గుమ్మం చెక్కని బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగిపోయింది. పెయింటు పొర ఒక్కటే మిగిలింది. దాని వెనక పొరలు పొరలుగా గుల్ల, మధ్యలో తడి మన్ను, వెలుగు పడగానే చెదిరిపోతున్న తెల్లటి పురుగులు. "ఇల్లంతా ఇలాగే ఉందేమోరా" అంది అమ్మ. ఆ టెన్షన్‌లో, ఉచితంగా చూసిపెడతాం అన్నవాళ్ళకి ఆ రాత్రే ఫోన్ చేశాను. నా మొదటి తప్పు అదే. చెద ఒక్క రాత్రిలో ఇంటిని తినేయదు. వారం రోజులు ఆగి నలుగురిని అడిగినా మునిగిపోయేదేమీ ఉండేది కాదు.

వచ్చినతను గుమ్మం వైపు ఒక్కసారి చూసి, నేరుగా వెంటిలేటర్ దగ్గరికి వెళ్ళాడు. మూలన అంటుకుని ఉన్న మట్టి ముద్దని చూపించి, "చూశారా సార్, స్లాబ్ దాకా పాకేసింది" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. మొత్తం డబ్బు అప్పుడే కట్టేశాను. కొన్ని వారాల తర్వాత అదే ముద్దని స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టి చూస్తే లోపల చిన్న చిన్న గదులు, వాటి నిండా కదలని సాలీళ్ళు, ఒక గదిలో బలిసిన పురుగు ఒకటి. అది కందిరీగ కట్టిన గూడు! సాలీళ్ళని కుట్టి, చావకుండా స్పృహ తప్పించి, పిల్లకి మేతగా దాచుకుంటుంది. పురుగుని కందిరీగ తనలా మార్చేస్తుందని భ్రమరకీటక న్యాయం చెబుతారు కదా, జరిగేది ఇదీ. ఆ కందిరీగకి చెక్కతో పనే లేదు, జోలికి పోతే తప్ప మనిషినీ సాధారణంగా కుట్టదు. చెద మన్ను అలా ఉండదు. గాలి తగిలితే ఒళ్ళు ఎండిపోతుంది కాబట్టి చెదలు నేల నుంచి గోడ పట్టుకుని, ఇంచుమించు పెన్సిల్ మందాన, తెగని మట్టి గొట్టం కట్టుకుంటూ పైకి వస్తాయి. దారి లేకుండా ఒంటరిగా ముద్ద మాత్రమే ఉంటే సాధారణంగా అది చెద కాదు.

ఇక పని జరిగిన రోజు. ఇద్దరు కుర్రాళ్ళు, వీపుకి 16 లీటర్ల ట్యాంకు ఒకటి, చిన్న డ్రిల్లు. మందు ఇంటి దగ్గర కలపలేదు, కలిపే తెచ్చారు. "ఏం మందు బాబూ?" అని అమ్మ అడిగితే "ఇంపోర్టెడ్ అమ్మా, వాసన చూడండి ఎంత స్ట్రాంగో" అన్నాడు. గోడల మీద, కిచెన్‌లో కూడా స్ప్రే చేశారు. గిన్నెల మీద ఒక గుడ్డయినా కప్పలేదు. గుమ్మాల పక్కన 11 రంధ్రాలు వేసి, తలా కాస్త పోసి, తెల్ల సిమెంటు పూశారు. 40 నిమిషాల్లో బండెక్కారు. చేతికి ఐదేళ్ళ గ్యారంటీ కార్డు ఇచ్చారు.

గుమ్మంలో పురుగు నిజంగానే కనిపించకుండా పోయింది. ఆరు వారాలకి అదే గోడకి అవతలి వైపు, హాల్లో పుస్తకాల అర వెనక కొత్త మట్టి గొట్టం మొలిచింది.

అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. చెద మందుల్లో రెండు రకాలు. సైపర్‌మెత్రిన్, బైఫెంత్రిన్ లాంటివి తగలగానే చెద పసిగట్టి పక్కకి తిరిగిపోతుంది. మందు గట్టు ఎక్కడా తెగకుండా ఉంటేనే అవి కాపాడతాయి, నడుమ ఒక్క సందు దొరికితే చాలు దూరిపోతుంది. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి చెదకి తెలియవు. వాటిలోంచే నడిచి వెళ్ళి, ఒంటికి అంటినదాన్ని తోటివాటికి కూడా పంచుతుంది, మెల్లగా గుంపులో చాలా భాగం పోతుంది. వీటికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. ఘాటు వాసన సాధారణంగా మందు కలిపిన కిరోసిన్ లాంటి ద్రావకానిది. కాబట్టి వాసన చూసి మురిసిపోకండి. సీసా సీలు మీ కళ్ళ ముందు తీయమనండి. లేబుల్ మీద మందు పేరు, చెదలకి అని రాసి ఉందో లేదో, గడువు తేదీ చూసి ఫొటో తీసుకోండి. వద్దంటే పని అక్కడే ఆపేయండి.

నా ఒళ్ళు మండింది మాత్రం రంధ్రాల దగ్గర. కట్టేసిన ఇంటికి నేలలో మందు ఎక్కించేటప్పుడు గోడ, నేల కలిసే చోట సుమారు అడుగుకొకటి చొప్పున, 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ఒక్కో దానికి లీటరు దాకా పోయడం మామూలు. మా రెండు గదుల గోడలు కలిపి 20 మీటర్లు. అంటే 65 రంధ్రాలు, 65 లీటర్లు. వాళ్ళు తెచ్చింది 16 లీటర్లు, అందులో సగం గోడలకే కొట్టారు. ఒక రంధ్రంలో సిమెంటు గీకి పుల్ల పెట్టి కొలిస్తే సరిగ్గా అంగుళం. టైలు దాటిందంతే, కింద మట్టి దాకా పోనేలేదు. చెద ఉన్నది మట్టిలో, మందు పోసింది టైలు కింద.

ఫోన్ చేస్తే "చేసిన చోట రాలేదుగా సార్, అది వేరే చోటు, మళ్ళీ చార్జి అవుతుంది" అన్నారు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో "గోడలో తేమ ఉన్నచో గ్యారంటీ వర్తించదు" అని ఉంది. తేమ లేకుండా నేల చెద బతకడమే కష్టం. వాన పడితే పనికిరాని గొడుగు లాంటిది ఆ గ్యారంటీ. కార్డు మీద సంతకం, ఏ మందు ఎంత వాడారు, ఏయే గోడలకి అన్నది ఉండాలి. నాదాంట్లో స్టాంపు ఒక్కటే ఉంది.

సాలీళ్ళకి కూడా ప్యాకేజీలో కలిపేస్తాం అంటే దానికీ సరేనన్నాను. అదీ దండగే. సాలీడు కాళ్ళ కొనల మీద నడుస్తుంది, గోడ మీది మందు దాని ఒంటికి పెద్దగా తగలదు. చీపురుతో బూజు దులుపుకోవడమే మేలు.

తర్వాత వేరే ఆయన్ని పిలిచాం. ఆయన మందు మాట ఎత్తకముందు టార్చితో ముప్పావుగంట ఇల్లంతా తట్టి చూసి, "ముందు ప్లంబర్‌ని పిలవండి, ఈ గోడలో పైపు కారుతోంది" అన్నాడు. పైపు బాగయ్యాకే వచ్చి, కొలపాత్రతో మా ముందే కలిపి, నేల దాకా డ్రిల్ చేశాడు. అర వెనకున్న మట్టి గొట్టాన్ని మధ్యలో అంగుళం మేర విరిచి వదిలేశాడు. చెద బతికుంటే కొన్ని రోజుల్లో అతికించుకుంటుందట. రెండు నెలలైంది, ఆ సందు అలాగే ఉంది. రోజూ పొద్దున్నే అమ్మ ఒకసారి తొంగి చూస్తుంది.

పాత వాళ్ళు నిన్న ఫోన్ చేశారు. గ్యారంటీ రెన్యువల్ చేయించుకుంటారా సార్ అని.