నాటుకోడి పులుసులోకి రాగి సంగటా, కాలీఫ్లవర్ సంగటా?

కడపలో నాటుకోడి పులుసంటే పక్కన రాగి సంగటి ఉండాల్సిందే. కానీ 100 గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం సుమారు 70 గ్రాములు, పైగా సంగటిలో బియ్యమూ పడుతుంది. పిండిపదార్థం తగ్గించాలంటే కాలీఫ్లవరే మేలు: 100 గ్రాములకు 5 గ్రాములే.

400 గ్రాముల పువ్వు తురిమి, గుడ్డలో గట్టిగా పిండి, వెడల్పాటి బాణలిలో 7 నిమిషాలు వేయించాలి. మూత పెట్టొద్దు, ఆవిరి నీరై దిగితే జావైపోతుంది. ఉప్పు చివర్లోనే, ముందే వేస్తే నీరూరుతుంది. దించాక రెండు చెంచాల వేయించిన శెనక్కాయల పొడి కలిపి వేడి మీదే గట్టిగా మెదిపితే ముద్ద కడుతుంది.

రాగి కమ్మదనం మాత్రం దీనికి రాదు. అందుకే పులుసు కారంగా, చిక్కగా ఉండాలి. చిక్కదనానికి బియ్యప్పిండి కాకుండా గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేయండి.