వర్డ్‌ప్రెస్ ప్యాటర్న్స్: తెలుగు పేజీలు రాసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి

విశాఖలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు సైటుకి తెలుగు పేజీలు రాస్తాను. బొర్రా గుహలు, అరకు, సింహాచలం, తొట్లకొండ, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం... ఒక్కో చోటికి ఒక్కో పేజీ. ఏ పేజీ తెరిచినా చదివేవాళ్లు వెతికేవి దాదాపు అవే. ఎలా వెళ్లాలి, ఎప్పుడు తెరుస్తారు, సెలవు ఏ రోజు, ఇంట్లో పెద్దవాళ్లు నడవగలరా. ఇవి ఒక్కో పేజీలో ఒక్కో చోట, ఒక్కో తీరులో ఉంటే వాళ్లకు చిరాకు. మా సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద. అందుకే 2021 నుంచి అందులోనే ఉన్న మూసలు, అంటే ఒకసారి చేసి పేజీల్లో మళ్లీ మళ్లీ పెట్టుకునే భాగాలు, వాడుతున్నాను. అప్పట్లో వాటిని రీయూజబుల్ బ్లాక్స్ అనేవారు. 2023 ఆగస్టులో 6.3 వెర్షన్ వచ్చినప్పటి నుంచి సింక్డ్ ప్యాటర్న్స్ అంటున్నారు. ఇన్నేళ్ల వాడకం తర్వాత నా మాట ఇది: తెలుగులో రాసేవాళ్లకు ఇవి చాలా మంచి పనిముట్లు, కానీ ఇంగ్లిష్ పేజీల నుంచి ఎత్తిన మూసను ఉన్నదున్నట్టు వాడితే తెలుగు చెడుతుంది.

వాడటం తేలిక. రాసిన భాగాన్ని సెలెక్ట్ చేసి, మూడు చుక్కల మెనూలో 'క్రియేట్ ప్యాటర్న్' నొక్కి పేరు పెట్టాలి. అక్కడే సింక్డ్ అనే స్విచ్ ఉంటుంది. ఆన్‌లో ఉంచితే ఆ భాగాన్ని ఎన్ని పేజీల్లో పెట్టినా ఒక చోట దిద్దగానే అన్నిచోట్లా మారుతుంది. ఆఫ్ చేస్తే ప్రతి పేజీకీ విడి కాపీ వస్తుంది. వేరే ప్లగిన్ (అదనంగా కలుపుకునే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు, దీనికంటూ డబ్బు కట్టక్కర్లేదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సింక్ వల్ల మాకు ఎంత పని తప్పిందో చెప్పాలి. అరకు, బొర్రా, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. మన్యం పేజీలన్నిటికీ జిల్లా పేరు ఒకే రీయూజబుల్ బ్లాకులో ఉంది కాబట్టి ఆ ఒక్కదాన్నీ దిద్దితే సరిపోయింది. కిరండూల్ రైలు వివరాలు కూడా అంతే. బొర్రా పేజీలో, అరకు పేజీలో, అనంతగిరి పేజీలో అదే బ్లాకు. రైలు వేళలు మారితే దిద్దాల్సింది ఒక్క చోటే. సింహాచలం నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు, అంటే తేదీ ఏటా మారుతుంది. దాన్నీ అలాగే పెట్టాను.

ఇక భాష సంగతి. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఈ బాధ తెలియదు. వాళ్ల మూసలో ఖాళీ వదిలి అక్కడ ఊరి పేరు పెడితే వాక్యం నిలబడుతుంది. మనకు నిలబడదు. '... కు ఎలా వెళ్లాలి' అన్న ఖాళీలో తొట్లకొండ, యారాడ పడితే ఇబ్బంది లేదు. లంబసింగి పడితే 'కు' కాదు, 'కి' కావాలి. బొర్రా గుహలు పడితే 'గుహలుకు' అని వస్తుంది. విశాఖపట్నం పడితే 'విశాఖపట్నంకు' అని వస్తుంది, మనం 'విశాఖపట్నానికి' అంటాం. క్రియ కూడా అంతే, గుడి 'ఉంది', గుహలు 'ఉన్నాయి'. ఇలాంటి తప్పులు పేజీలో రెండు కనిపించినా చదివేవాళ్లకు నమ్మకం పోతుంది, ఇది మనిషి రాసింది కాదనిపిస్తుంది.

దీనికి నాకు దొరికిన మందు 'ఇక్కడ'. 'ఇక్కడికి ఎలా చేరాలి', 'ఇక్కడ ఏం చూడాలి', 'ఇక్కడి నుంచి దగ్గరలో'. ఏ ఊరి పేజీలో పెట్టినా అతుకుతాయి. మిగతావి వాక్యాలుగా కాకుండా 'వేళలు:', 'సెలవు:' అని పెడతాను. పేరు మాత్రం శీర్షికలో విడిగా, ఏ ప్రత్యయమూ లేకుండా ఉంటుంది. స్పెల్లింగులకు వేరే పట్టిక ఉంది. రుషికొండ అని రాయాలా, ఋషికొండ అని రాయాలా అన్నది ఒక్కసారి తేల్చుకుని అందులో రాసుకున్నాం.

2024 జూలైలో వచ్చిన 6.6 వెర్షన్‌లో ఓవర్‌రైడ్స్ అని ఒక మంచి సౌకర్యం ఇచ్చారు. ప్యాటర్న్ ఆకారం అన్నిచోట్లా ఒకటే, అందులో మనం అనుమతించిన శీర్షిక, పేరా, బొమ్మ, బటన్‌లలో ఏముండాలన్నది మాత్రం పేజీని బట్టి మార్చుకోవచ్చు. అంతకుముందు ఆకారం ఒకటిగా, విషయం వేరుగా ఉండాలంటే విడి కాపీలే గతి. అలా పెట్టాక ఆ భాగం రంగు మార్చాలన్నా ప్రతి కాపీ తెరవాల్సి వచ్చేది.

లోపాలున్నాయి. ఒక ప్యాటర్న్‌ను ఏయే పేజీల్లో వాడామో నాకు జాబితాగా కనిపించదు, అందుకే షీట్‌లో రాసి పెట్టుకుంటాను. పొరపాటున ఎవరైనా సింక్డ్ ప్యాటర్న్‌ను డిలీట్ చేస్తే అది ఉన్న ప్రతి పేజీలోంచీ ఆ భాగం పోతుంది. ఒక్క పేజీలోనే మార్పు కావాలంటే ముందు 'డిటాచ్' నొక్కి ఆ పేజీలోని భాగాన్ని ప్యాటర్న్ నుంచి విడదీయాలి. ఈ సంగతి ఆఫీసులో అందరికీ చెప్పి ఉంచడం తప్పనిసరి.

అసలు వర్ణనకు మాత్రం మూస పెట్టను. అక్కడ రాసేవాళ్లు జవాబు రాయాల్సిన ప్రశ్నలే ఉంటాయి: ఎండ వేళ నీడ ఉందా, తాగే నీళ్లు దొరుకుతాయా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడ ఆగిపోవాలి. కొత్తగా చేరిన అమ్మాయి "అక్కా, ఇక్కడ ఒక శాంపుల్ పేరా ఇస్తే పేరు మార్చి పెట్టేస్తాను కదా" అంది. ఇవ్వనన్నాను. మోకాళ్ల ప్రశ్నకు బొర్రాలో జవాబు తడిసిన మెట్లు. కురుసురలో ఒక గది నుంచి ఇంకో గదికి వంగి దూరాల్సిన గుండ్రటి తలుపులు. శాంపుల్ పేరా ఇస్తే ఈ రెండు పేజీల్లోనూ 'పెద్దవాళ్లు జాగ్రత్తగా నడవాలి' అనే ఉంటుంది. ఆ అమ్మాయి శనివారం మ్యూజియానికి వెళ్లి చూసి వచ్చి రాసింది. ఆ పేజీలో ఇప్పటికీ తన పేరాయే ఉంది.

పది పేజీల్లోపు సైటుకి ఇదంతా అక్కర్లేదు, మామూలుగా కాపీ చేసుకున్నా నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి రాసేచోట మాత్రం మొదటి వారమే పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్‌లోని ప్యాటర్న్స్ పేజీలో ప్యాటర్న్‌ను జేసన్ అనే రకం ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది, నెలకోసారి ఒక కాపీ దాచి ఉంచండి.