బ్లాక్ వాచ్ సొంత గడ్డ: పెర్త్‌షైర్‌లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

స్కాట్లండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఎడిన్‌బరా కోట, లాక్ నెస్ చూసి తిరుగుముఖం పడతారు. ఆ రెంటికీ మధ్య దారిలోనే పెర్త్ తగులుతుంది. బ్రిటిష్ సైన్యంలోని హైలాండ్ రెజిమెంట్లలో అన్నిటికంటే పాతదైన బ్లాక్ వాచ్‌కి ఇల్లు ఈ ఊరే. దాని చరిత్ర కోసం వెళ్లేవాళ్లకు మూడు మాటలు ముందే చెప్పేయొచ్చు. బస పెర్త్‌లోనే పెట్టుకోండి. రెజిమెంటు మ్యూజియం ముందు, అది తొలిసారి బారులు తీరిన అబెర్‌ఫెల్డీ తర్వాత చూడండి. ఇన్వర్నెస్ దగ్గరి ఫోర్ట్ జార్జ్ కోటని ఈ ప్రయాణంలో కలపకండి.

ఎందుకో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశాన్ని తిరిగి తేవాలని సాగిన 1715 జాకబైట్ తిరుగుబాటు అణిగాక హైలాండ్స్‌ని, అంటే స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమని, అదుపులో పెట్టడానికి జనరల్ జార్జ్ వేడ్‌ని లండన్‌లోని ప్రభుత్వం పంపింది. ఆయన 1725లో ప్రభుత్వానికి విధేయంగా ఉన్న వంశాల నుంచి 6 విడి కంపెనీలు పెట్టాడు. క్యాంప్‌బెల్‌లవి మూడు, గ్రాంట్, ఫ్రేజర్, మన్రో వంశాలవి ఒక్కొక్కటి. ఆయుధాలు లాక్కోవడం, పశువుల దొంగతనాలు ఆపడం వాళ్ల పని. సైన్యం కంటే పోలీసు ఉద్యోగానికే అది దగ్గర. 1739లో జార్జ్ II వీటికి మరికొన్ని కంపెనీలు చేర్చి రెజిమెంటుగా మార్చాడు. 1740 మేలో టే నది ఒడ్డున అబెర్‌ఫెల్డీ దగ్గర అది తొలిసారి బారులు తీరింది. మొదట దాని సంఖ్య 43, తర్వాత 42. సైనిక చరిత్రలో ‘నలభై రెండోది’ అంటే ఇదే.

పెర్త్: ఎలా చేరాలి, ఎక్కడ ఉండాలి

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ నుంచి రైల్లో గంట, ఎడిన్‌బరా నుంచి గంటంపావు నుంచి గంటన్నర పడుతుంది. రైల్వే స్టేషన్, లెనార్డ్ స్ట్రీట్‌లోని బస్ స్టేషన్ పక్కపక్కనే ఉండటం ఈ ఊరి పెద్ద సౌకర్యం. సామానుతో ఒకటి దిగి రెండోది ఎక్కడానికి నాలుగు అడుగులే.

బస మూడు రకాలు. స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లలో ఉంటే పొద్దున్నే బస్సు పట్టుకోవడం తేలిక, కానీ శుక్ర, శనివారాల్లో రాత్రి రోడ్డు మీద సందడి ఎక్కువ. నది అవతల స్కోన్ వెళ్లే దారిలో పిట్‌కలెన్ క్రెసెంట్ వరసంతా ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ ఇళ్లే. గదులు పరిశుభ్రంగా ఉంటాయి, కారుకు చోటు దొరుకుతుంది, కాకపోతే ఊళ్లోకి రావడానికి వంతెన దాటి నడవాలి. ఇలాంటి ఇళ్లు చాలావాటికి లిఫ్ట్ ఉండదు. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే కింది అంతస్తు గది కావాలని బుకింగ్‌లోనే రాయండి. పొద్దుటి భోజనంలో మాంసం వద్దనుకుంటే ఆ మాటా ముందురోజే చెప్పాలి. చెబితే శాకాహార హాగిస్ (ఓట్స్, పప్పులతో చేసే స్కాట్లండ్ వంటకం), పుట్టగొడుగులు, బీన్స్ పెడతారు. అప్పటికప్పుడు అడిగితే టోస్ట్, జామ్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. మూడోది, ఊరి బయట పెద్ద రోడ్డు పక్కనుండే చెయిన్ హోటళ్లు. కారు లేనివాళ్లకు ఇవి దండగ.

ఆగస్టులో ఎడిన్‌బరా ఉత్సవాల వల్ల అక్కడ గది అద్దెలు ఆకాశాన్నంటుతాయి. అప్పుడు పెర్త్‌లో దిగి ఎడిన్‌బరాకే రోజు ప్రయాణం పెట్టుకోవడం లాభసాటి బేరం.

బల్హౌసీ కోట

రెజిమెంటు మ్యూజియం ఉన్నది ఇక్కడే. స్టేషన్ నుంచి కాలినడకన 20 నుంచి 25 నిమిషాలు. పేరుకి కోట అయినా పెద్ద బంగళా అనుకోండి. 1631 నాటి బురుజు ఇంటిని 1860ల్లో పెంచి, మూలల్లో చిన్న బురుజులు పెట్టి ఇప్పటి రూపం తెచ్చారు. 1962 నుంచి మ్యూజియం నడుస్తోంది. 2013లో విస్తరించాక గదుల వరస కాలక్రమంలో సాగుతుంది. టికెట్ ఉంది. వేళలు ఋతువును బట్టి మారతాయి కాబట్టి వెళ్లే వారంలో ఒకసారి సరిచూసుకోండి. లోపల 2 గంటలు కేటాయిస్తే తృప్తిగా చూడొచ్చు, గంటలో ముగిస్తే టికెట్ డబ్బు గిట్టదు.

అన్ని గదులకూ సమానంగా సమయం ఇవ్వక్కర్లేదు. రాజవంశీకుల బహుమతులు, మెస్‌లో వాడిన వెండి సామాను చకచకా దాటేయొచ్చు. ఆగాల్సింది 18వ శతాబ్దం దగ్గర. 1758 జులై 8న అమెరికాలోని టికాండరోగా కోట మీద జరిపిన దాడిలో ఈ ఒక్క రెజిమెంటే 647 మందిని పోగొట్టుకుంది, చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి. ఫ్రెంచివాళ్లు చెట్లను నరికి, కొమ్మలు చెక్కి, మొనలు బయటికి పెట్టి అడ్డుకట్ట వేశారు. ఫిరంగులు రాకముందే సేనాధిపతి పదాతిదళాన్ని దాని మీదికి తోలాడు. కత్తులతో కొమ్మలు నరుక్కుంటూ వెళ్లినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు.

టోపీలో గుచ్చుకునే ఎర్ర ఈకల కుచ్చు, అదే రెడ్ హాకిల్, ఈ రెజిమెంటుకు ప్రాణంతో సమానం. 1795 జనవరిలో హాలండ్‌లోని గెల్డర్‌మాల్సెన్ దగ్గర పోగొట్టుకున్న ఫిరంగులను తిరిగి గుంజుకొచ్చినందుకు దక్కిందని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. దాన్ని వాళ్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు వచ్చింది మాత్రం 1822లో. జనవరి 5ని ఇప్పటికీ రెడ్ హాకిల్ దినంగా జరుపుతారు.

మన దేశంతో సంబంధం వెతికేవాళ్లు ‘73’ అన్న అంకెను గుర్తుపెట్టుకోవాలి. 42వ రెజిమెంటు రెండో బెటాలియన్ 1783–84లో మంగళూరు కోటలో టిప్పు సుల్తాన్ ముట్టడికి నెలల తరబడి ఎదురునిలిచి, తిండి లేక చివరికి కోట అప్పగించింది. 1786లో ఆ బెటాలియనే 73వ రెజిమెంటుగా విడిపోయింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటను చొరబడి పట్టుకున్న దళాల్లో అదీ ఉంది. ఆ యుద్ధంలో హైదరాబాద్ నుంచి కదిలిన నిజాం సేనలు బ్రిటిష్ వాళ్ల పక్షానే నిలిచాయి. 1881 సంస్కరణల్లో 42, 73 మళ్లీ ఒక్కటయ్యాయి. 1944లో బర్మా అడవుల్లో జపాన్ సేనల వెనక్కి చొచ్చుకెళ్లి పోరాడే చిండిట్ దళాలుగా నడిచినప్పుడు రెండో బెటాలియన్ తన రెండు కాలమ్‌లకు, అంటే పాయలకు, 42, 73 అనే పెట్టుకుంది. మ్యూజియంలో ఈ అంకెలు వేర్వేరు గదుల్లో కనిపిస్తాయి. ఈ ముడి ముందే తెలియకపోతే అవి వేర్వేరు రెజిమెంట్లనుకునే ప్రమాదం ఉంది.

రెజిమెంటు డిపో అయిన క్వీన్స్ బ్యారక్స్‌ని వెతుక్కుంటూ తిరగొద్దు. 1961లో మూసేసి పడగొట్టారు. బ్యారక్ స్ట్రీట్ అన్న పేరు మిగిలింది, ఆ స్థలంలో పోలీసు కార్యాలయం ఉంది. మిగిలిన పూట పెర్త్ మ్యూజియానికి ఇవ్వండి. 2024 మార్చిలో పాత సిటీ హాల్లో తెరిచారు, ప్రవేశం ఉచితం. స్కాట్లండ్ రాజుల పట్టాభిషేకపు రాయి ఇప్పుడు ఇక్కడే ఉంది. దాన్ని చూడటమూ ఉచితమే, కానీ సమయం ముందుగా బుక్ చేసుకోవాలి. నేరుగా వెళ్లి ఖాళీ లేక వెనుదిరిగేవాళ్లు ఎక్కువ.

అబెర్‌ఫెల్డీ: అసలు కథ ఇక్కడ

పెర్త్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. రైలు లేదు. 23వ నంబరు బస్సు డంకెల్డ్, బలిన్‌లూయిగ్ మీదుగా గంటన్నర లోపు చేరుస్తుంది. బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ. కాబట్టి దిగగానే తిరుగు బస్సు వేళను స్టాప్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. స్కాట్లండ్‌లో నివసించే 22 ఏళ్లలోపు వాళ్లకు కార్డు ఉంటే బస్సు ప్రయాణం పూర్తిగా ఉచితం. డండీ, గ్లాస్గోల్లో డిగ్రీ చదువుతున్న మన పిల్లలకు ఇది అక్కరకొస్తుంది.

కారైతే భారతీయ లైసెన్సుతో 12 నెలల వరకూ నడపొచ్చు. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే చెప్పాలి, అద్దె ఎక్కువ. ఏ9 రోడ్డు మీద సగటు వేగం కొలిచే కెమెరాలుంటాయి. ఒక కెమెరా దగ్గర నెమ్మదించి మళ్లీ తొక్కితే లాభం లేదు, రెండు కెమెరాల మధ్య పట్టిన సమయాన్ని లెక్కేస్తారు. అదే రోడ్డు కొంత దూరం నాలుగు వరసలు, ఉన్నట్టుండి రెండు వరసలు అవుతుంది. ఘోర ప్రమాదాలకు ఆ మార్పు దగ్గర ఓవర్‌టేక్ చేయబోవడం ఒక కారణం.

ఊళ్లో టే నది మీద వేడ్ కట్టించిన వంతెన ఉంది. విలియం ఆడమ్ గీసిన నమూనా, 1733, ఐదు కమానులు. నడి కమాను మీద నాలుగు రాతి స్తంభాలు సూదుల్లా లేస్తాయి. సైన్యం కోసం సుమారు 250 మైళ్ల రోడ్లు, 40 వంతెనలు కట్టించిన మనిషికి ఇదే గొప్ప కట్టడం. దాదాపు మూడు శతాబ్దాలైనా వాహనాలు దీని మీదే పోతున్నాయి, కాకపోతే ఒకసారికి ఒక వైపు నుంచే, సిగ్నల్ ప్రకారం. ఫోటో వంతెన మీద నిలబడి కాదు, ఒడ్డున ఉన్న పచ్చిక నుంచి తీసుకోండి.

ఆ పక్కనే బ్లాక్ వాచ్ స్మారకం. 1887లో విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా పెట్టింది. రాళ్లు పేర్చిన గుట్ట మీద పాత దుస్తుల్లో ఒక సైనికుడు. చాలామంది ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ బొమ్మకు ఆధారమైన మనిషి ఫార్కర్ షా అని, ఆయన్ని ఇదే సైన్యం కాల్చి చంపిందని తెలిస్తే అలా వెళ్లలేరు.

1743లో రెజిమెంటును లండన్‌కు నడిపించారు. హైలాండ్స్‌లోనే ఉద్యోగమన్న నమ్మకంతో చేరినవాళ్లు వీళ్లు. రాజుగారు సమీక్షిస్తారట, అంతే అన్నారు. తీరా వెళ్లాక రాజు దేశంలోనే లేడు. మే 14న ఫించ్లీలో సమీక్ష జరిపింది వేడ్. ఈలోగా తమను వెస్టిండీస్‌కి పంపుతారన్న పుకారు పాకింది. ఆ రోజుల్లో అక్కడికి పంపడమంటే జ్వరాలకు బలివ్వడమే. సమీక్ష ముగిసిన కొద్దిరోజులకే వందమందికి పైగా రాత్రికి రాత్రి ఆయుధాలతో ఉత్తరానికి బయలుదేరారు. నార్తాంప్టన్‌షైర్ అడవిలో చుట్టుముడితే పోరాడకుండా లొంగిపోయారు. జులై 18న లండన్ టవర్‌లో మిగతావాళ్లంతా చూస్తుండగా శామ్యూల్ మెక్‌ఫెర్సన్, మాల్కం మెక్‌ఫెర్సన్, ఫార్కర్ షా ముగ్గురినీ కాల్చేశారు. మిగిలినవాళ్లలో కొందర్ని పంపింది సరిగ్గా వాళ్లు భయపడ్డ వెస్టిండీస్‌కే. తిరుగుబాటుదారుగా చచ్చినవాడిని 144 ఏళ్ల తర్వాత అదే రెజిమెంటు పుట్టిన చోట ఎత్తున నిలబెట్టారు. మ్యూజియం చూసి వచ్చాక ఇక్కడ నిలబడితే రెండు వైపుల కథా పూర్తవుతుంది. అందుకే ఈ వరస.

సమయం మిగిలితే బర్క్స్ అనే లోయ చుట్టూ సుమారు 4 కిలోమీటర్ల నడక బావుంటుంది. వానకు మెట్లు జారతాయి, చెప్పులతో వద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జ్ అనే నుసుమంత పురుగులు సాయంత్రం చుట్టుముడతాయి. చేతులు కప్పే చొక్కా దగ్గర పెట్టుకోండి. రాత్రి ఇక్కడే ఉండాలనుకుంటే భోజనం పెందలాడే ముగించాలి, చిన్న ఊళ్లో వంటగదులు తొందరగా మూస్తారు.

డంకెల్డ్, డండీ, ఫోర్ట్ జార్జ్

డంకెల్డ్‌ని తిరుగు బస్సులో ఒక గంట ఆగి చూస్తే చాలు. కెథెడ్రల్ సగం పైకప్పు లేని శిథిలం, సగం ప్రార్థనలు జరిగే చర్చి. లోపల జాన్ స్టీల్ చెక్కిన 42వ రెజిమెంటు స్మారకం (1872) ఉంది. రైల్లో వస్తే స్టేషన్ నది అవతల, బర్నమ్ వైపు ఉంటుంది. సామానుతో అరగంట నడక.

డండీ పెర్త్ నుంచి రైల్లో అరగంటలోపే. నాలుగో బెటాలియన్ ‘డండీ సొంత బెటాలియన్’. 1915 సెప్టెంబరు 25న లూస్ యుద్ధంలో ఒక్క రోజులో అది సగానికి పైగా తుడిచిపెట్టుకుపోయింది. లా కొండ మీది యుద్ధ స్మారకంలో ఏటా ఆ తేదీన జ్యోతి వెలిగిస్తారు. ఆ వారంలో ఉంటే తప్ప కొండెక్కేది ఊరి దృశ్యం కోసమే.

ఫోర్ట్ జార్జ్ విషయంలో పొరపాటు పడేవాళ్లు చాలామంది. 2006లో బ్లాక్ వాచ్ రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్‌లో మూడో బెటాలియన్‌గా కలిసిపోయింది. ఆ తర్వాత దాని మకాం ఇన్వర్నెస్ దగ్గరి ఈ కోటకు మారింది. దాంతో మ్యూజియం కూడా అక్కడే అనుకుంటారు. అక్కడున్న హైలాండర్స్ మ్యూజియం సీఫోర్త్, క్యామెరన్ రెజిమెంట్లది. కోట అద్భుతమే, 1803 అస్సాయే యుద్ధంలో పాల్గొన్న 78వ రెజిమెంటు కథ కావాలంటే అదే చోటు. కానీ పెర్త్ నుంచి ఇన్వర్నెస్‌కే రైల్లో 2 గంటలు దాటుతుంది. దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

టార్టాన్ (స్కాట్లండ్ గళ్ల ఉన్ని బట్ట) కొనేటప్పుడు

ప్రతి దుకాణంలోనూ ముదురు పచ్చ గళ్ల మఫ్లర్‌కి బ్లాక్ వాచ్ అని చీటీ అంటిస్తారు. అసలు గళ్లలో ముదురు పచ్చ, ముదురు నీలం, నలుపు తప్ప ఇంకో రంగు గీత ఉండదు. సన్నటి పసుపు గీత కనిపిస్తే అది గోర్డన్ రెజిమెంటుది. తెలుపు, ఎరుపు గీతలుంటే మెకెంజీ, అంటే సీఫోర్త్ వాళ్లది. వెలుగులో పట్టి చూడండి, షాపు దీపాల కింద నీలం, నలుపు ఒకేలా కనిపిస్తాయి.

రికార్డులు వెతికేవాళ్లకు

మన దేశంలో పనిచేసిన బ్లాక్ వాచ్ సైనికుడి కోసం బ్రిటిష్ లైబ్రరీలో వెతికి లాభం లేదు. అక్కడున్నవి ఈస్టిండియా కంపెనీ సొంత సైన్యం రికార్డులు. ఇది రాజుగారి సైన్యం కాబట్టి 1913 వరకు డిశ్చార్జి కాగితాలు లండన్ శివార్లలో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 97 వరసలో ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సర్వీసు కాగితాల్లో ఎక్కువ భాగం 1940 బాంబు దాడిలో కాలిపోయాయి. మిగిలినవి డబ్ల్యూఓ 363లో చూడాలి. 1920కి ముందు సర్వీసు నంబర్లు రెజిమెంటు స్థాయిలో ఇచ్చేవాళ్లు, ఒకే నంబరు ఇద్దరు ముగ్గురికి తగలొచ్చు. అందుకే బెటాలియన్ పేరు లేకుండా ఉత్త నంబరుతో మ్యూజియానికి రాస్తే జవాబు రావడం కష్టం. ఒక్క మినహాయింపు ఖననాల నమోదు. అది మాత్రం బ్రిటిష్ లైబ్రరీలోనే, ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉంటుంది. బెంగాల్‌ది ఎన్/1, మద్రాసుది ఎన్/2, బొంబాయిది ఎన్/3. సికింద్రాబాద్ కంటోన్మెంట్ మద్రాసు సైన్యం కింద ఉండేది కాబట్టి అక్కడి సమాధుల కోసం ఎన్/2తో మొదలుపెట్టాలి.